చెరిపిన చెయ్యి

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ డేటాబేస్ మీద స్పామర్లు విరుచుకుపడ్డారు. దేశదేశాల ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే చోటది. అది చాలదన్నట్టు, ఎవరో ఆకతాయి ఫిర్యాదు పుణ్యమా అని, సొంత ఉద్యోగి ఖాతానే పొరపాటున చెరిపే పని ఒకటి వెనకాల నడుస్తోంది.

డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. అసలుది డీబీ1, దాని నకలు డీబీ2. లోడ్ పెరిగి నకలు బాగా వెనకబడింది. అది అందుకోవాల్సిన లాగ్‌లను డీబీ1 అప్పటికే తీసిపారేసింది. ఇక డీబీ2ను తుడిచేసి మొదట్నుంచీ కాపీ చేసుకోవడమే దారి.

ఆ పనికి దిగిన ఇంజినీరు, నిజానికి పొద్దుపోయిందని ఆ రాత్రికి పని ముగించేద్దామనుకున్న మనిషి. డీబీ2 తుడిచేశాక కాపీ చేసే పీజీ బేస్‌బ్యాకప్ కమాండ్ కొట్టాడు. రెప్లికేషన్ కనెక్షన్లు చాలవంది. పెంచాడు. పెంచితే పోస్ట్‌గ్రెస్ అసలు లేవనే లేవనంది. 8000 ఉన్న మ్యాక్స్ కనెక్షన్స్‌ను 2000కు దించాక లేచింది. మళ్లీ కమాండ్ కొట్టాడు. ఈసారి ఎర్రర్ లేదు. అలాగని పని జరుగుతున్న జాడా లేదు.

నిజానికి అది ఆగిపోలేదు. డీబీ1 నుంచి డేటా రావడం మొదలయ్యేదాకా నోరు మెదపకుండా కాచుక్కూర్చోవడం ఆ కమాండ్ తీరు. ఆ సంగతి అక్కడెవరికీ తెలీదు. మాన్యువల్లోనూ స్పష్టంగా లేదు.

ఇందాకటి ప్రయత్నాల్లో మిగిలిపోయిన ఫైళ్లేవో అడ్డొస్తున్నాయనుకున్నాడు ఇంజినీరు. డేటా ఫోల్డర్ మొత్తాన్ని చెరిపే కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కాడు. ఒకటి రెండు సెకన్లకు సర్వర్ పేరు చూసుకున్నాడు. డీబీ2 కాదు, డీబీ1! పేర్లలో తేడా ఒక్క అంకె. వెంటనే ఆపాడు. అప్పటికే దాదాపు 300 జీబీలో మిగిలింది నాలుగున్నర.

పోతే పోయింది, బ్యాకప్‌లున్నాయిగా! ఒకటి కాదు, ఐదు రకాల ఏర్పాట్లు. ఒక్కొక్కటే తెరిచి చూశారు.

అమెజాన్ స్టోరేజ్‌కు వెళ్లాల్సిన బ్యాకప్: ఖాళీ. డేటాబేస్ వెర్షన్ 9.6, బ్యాకప్ తీసే ప్రోగ్రాం 9.2. పొసగక ఫెయిలవుతూ వచ్చింది. మరి ఫెయిలైతే మెయిల్ రావాలి కదా? పంపింది. డిజిటల్ సంతకం లేదని మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది. బ్యాకప్ లేదని చెప్పాల్సిన మెయిలూ లేదన్నమాట.

అజ్యూర్ డిస్క్ స్నాప్‌షాట్లు: ఫైల్ సర్వర్లకు పెట్టారు, డేటాబేస్ సర్వర్లకు పెట్టలేదు. నకలు సర్వర్ సంగతి సరేసరి, దాన్ని తుడిచింది వాళ్లే. రోజుకోసారి దానంతటదే తీసుకునే ఎల్‌వీఎం స్నాప్‌షాట్ ఉంది గానీ, అది దాదాపు ఒక రోజు పాతది. ఐదింట్లో నమ్మదగ్గట్టు పనిచేసింది ఒక్కటీ లేదని కంపెనీయే బాహాటంగా ఒప్పుకుంది. దాపరికం లేకుండా రికవరీ పనంతా యూట్యూబ్‌లో లైవ్ పెట్టింది కూడా.

చివరికి గట్టెక్కించింది ఎవరూ లెక్కలోకి తీసుకోని కాపీ ఒకటి. డేటాబేస్ లోడ్ బ్యాలెన్సింగ్ పని చూసుకుంటూ ఒక ఇంజినీరు, తన అవసరం కొద్దీ, ప్రమాదానికి సుమారు ఆరు గంటల ముందు స్వయంగా ఒక స్నాప్‌షాట్ తీసుకున్నాడు. అది టెస్టింగ్ సర్వర్లో పడి ఉంది. అక్కడి నత్తనడక డిస్కుల నుంచి దాన్ని తోడుకొచ్చేసరికి తెల్లారి, మధ్యాహ్నమూ దాటింది. మర్నాడు సైట్ లేచింది. కోడ్ భద్రం. ఆ ఆరు గంటల్లో చేరిన సుమారు 5000 ప్రాజెక్టుల వివరాలు, 5000 కామెంట్లు, 700 ఖాతాలు మాత్రం గల్లంతు. ఆ స్నాప్‌షాటే లేకపోతే పోయేది ఆరు గంటల డేటా కాదు, రోజు డేటా.

కంపెనీ ప్రకటనలో ఎవరి పేరూ బయటపెట్టలేదు. డేటాబేస్ చెరిపిన మనిషిని ‘టీమ్ మెంబర్-1’ అని మాత్రం రాశారు.

ఆదుకున్న ఆ స్నాప్‌షాట్ తీసిందెవరా అని అదే ప్రకటనలో వెతికితే, అక్కడా ఒక్క మాటే ఉంది.

టీమ్ మెంబర్-1.