ఎర్రగీతోపదేశం

విద్యానగర్‌లో బయల్దేరి నల్లకుంట, నారాయణగూడల మీదుగా చిక్కడపల్లి, అశోక్‌నగర్ దాకా ఒక సాయంత్రం నడిచి రండి. గోడలు కనిపించవు, వాటి మీది పోస్టర్లే కనిపిస్తాయి. గ్రూప్-1, గ్రూప్-2, ఎస్సై, బ్యాంకు, స్పోకెన్ ఇంగ్లిష్. సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరకడమే ఒక పోటీ పరీక్ష. ఇంత చదువు కిక్కిరిసిన పేటలో ఒక మెయిల్ తప్పుల్లేకుండా పంపడానికి ఏం చేస్తారయ్యా అని అడగండి. కోచింగ్ సారూ, ఆయన శిష్యుడూ, నెట్ సెంటర్ యజమానీ ఒకే మాట చెబుతారు: "స్పెల్‌చెక్ ఆన్‌లో ఉంది కదన్నా!"

ఉంది కదా, ఇంకేం కావాలి! ఎర్ర గీత పడకపోతే ఉత్తరం పరమ శుద్ధం. పడిందంటే రాసినవాడికి అక్షరం ముక్క రాదు. రాసింది ఒకసారి తిరిగి చదువుకోవడమనే పాత అలవాటును పాత పలకతోపాటు అటక మీద పడేశాం.

నిజానికి ఆ ప్రోగ్రాం ఏనాడూ ఇంత గొప్పలు చెప్పుకోలేదు. 1975లో బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్ అనే ఆయన యూనిక్స్ కోసం దాని మొదటి కూర్పును ఒక మధ్యాహ్నం పూట కూర్చుని రాసేశాడు. ఉత్తరంలోని మాటలను విడదీయడం, అక్షరక్రమంలో పేర్చడం, దగ్గరున్న పదాల పట్టీతో సరిచూడడం, పట్టీలో లేనివాటిని బయట పెట్టడం. పనంతా ఇంతే. తరవాత డగ్ మెకిల్‌రాయ్ దాన్ని మెరుగుపరిచి, సుమారు 30,000 మాటల పట్టీని 64 కిలోబైట్ల మెమరీలో ఇరికించాడు. యాభై ఏళ్లు గడిచినా ఎర్ర గీత వెనకున్న ప్రశ్న మారలేదు: ఈ మాట నా పట్టీలో ఉందా, లేదా?

"నా దగ్గర లేదు" అని అది అంటే "నీకు రాదు" అని మనం విన్నాం. "నా దగ్గర ఉంది" అంటే "నువ్వు రాసింది రైటే" అని విన్నాం. ఆ రెండు తీర్పులూ మన కల్పనలే.

మేనేజర్‌కు సెలవు చీటీ రాస్తున్నారనుకోండి. ఇంగ్లిష్ స్పెల్లింగులో రెండో 'ఎ' జారిపోతే మిగిలే మాటకు పశువుల మేత తొట్టి అని అర్థం. గౌరవనీయులైన మేత తొట్టి గారికి, రెండు రోజులు సెలవు ఇప్పించ ప్రార్థన! గీత పడదు, తొట్టి పట్టీలో ఉంది మరి. మారిటల్ స్టేటస్ అన్నచోట 'ఐ', 'టి' అటూ ఇటూ అయితే అది మార్షల్ స్టేటస్ అవుతుంది. అభ్యర్థి యుద్ధ స్థితి: సింగిల్. హాల్ టికెట్‌లో 'ఎ' బదులు 'ఇ' పడితే సరాసరి నరకానికి టికెట్. ఇక పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు రాసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పబ్లిక్‌లో 'ఎల్' ఉందో లేదో రెండు కళ్లూ పెట్టి చూసుకోండి. ఆ ఒక్కటీ ఎగిరిపోతే మిగిలేది కూడా నిఘంటువులో ఉన్న మాటే. కాకపోతే శరీర నిర్మాణ శాస్త్రం వాళ్లది. నలుగురు చదివే పత్రికలో ఇంతకంటే విప్పి చెప్పలేను.

కొత్త ప్రోగ్రాములు ముందూ వెనకా చూసి నీలం గీత కూడా గీస్తున్నాయి, కాదనను. ఒక్కోసారి పడుతుంది, ఒక్కోసారి పడదు. నరకానికీ టికెట్ ఉంటుందేమోలే అని ఊరుకుంటాయి కాబోలు.

పోనీ, ఆన్‌లో ఉందన్న మాటైనా నిజమా? క్లాసిక్ అవుట్‌లుక్‌లో టైపు చేస్తుంటే గీతలు పడడం వేరు, పంపే ముందు మొత్తం చూడడం వేరు. రెండోది కావాలంటే ఫైల్, ఆప్షన్స్, మెయిల్ అనుకుంటూ లోపలికి వెళ్లి మనమే టిక్ పెట్టాలి. థండర్‌బర్డ్‌లోనూ సెట్టింగ్స్‌లో కంపోజిషన్ దగ్గర ఇదే కథ. అక్కడిదాకా వెళ్లిన పుణ్యాత్ములు ఎందరో తెలియదుగానీ, వెళ్లనివాళ్ల ధైర్యానికి మాత్రం లోటు లేదు.

మైక్రోసాఫ్ట్ వాళ్లు మొదటినుంచీ పెట్టి ఇచ్చే ఇంకో టిక్ ఉంది: పూర్తిగా పెద్దక్షరాల్లో ఉన్న మాటలను వదిలెయ్యమని. మన ఆఫీసు పెద్దలేమో సబ్జెక్ట్ లైను మొదలు "థాంకింగ్ యూ సర్" దాకా అంతా పెద్దక్షరాల్లోనే కొడతారు, చిన్నక్షరాల్లో రాస్తే హోదా తగ్గుతుందన్నట్టు. వాళ్ల ఉత్తరంలో ఒక్క గీతా ఉండదు. దాన్ని చూపించి కింది గుమస్తాను "చూడవయ్యా, ఎంత క్లీన్‌గా ఉందో" అని మందలిస్తారు. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చి, టీఎస్‌పీఎస్సీ కాస్తా టీజీపీఎస్సీ అయినప్పుడు బోర్డులూ బండ్ల నంబర్లూ మారాయి, కోచింగ్ పోస్టర్లు మారాయి. స్పెల్‌చెక్ మాత్రం కళ్లు తెరవలేదు. పాతదీ దానికి కనపడదు, కొత్తదీ కనపడదు.

కళ్లు మూసే మంత్రం ఇంకొకటుంది. 'స్పెల్లింగ్ చూడవద్దు' అనే గుర్తును రాతకే తగిలించవచ్చు, అది అక్షరాలతోపాటు ప్రయాణం చేస్తుంది. ఎప్పుడో ఎవరో తయారుచేసిన నమూనా ఉత్తరానికి ఆ గుర్తు అంటుకుని ఉంటే, దాన్ని కాపీ కొట్టి తేదీ మార్చి పంపే ప్రతి ఉత్తరమూ చెకింగ్ లేకుండా గేటు దాటుతుంది. ఉత్తరాలు రాయడం మానేసి పాత ఉత్తరాలకు తేదీలు మార్చడమే ఉద్యోగం అనుకున్న వ్యవస్థకు ఇంతకంటే తగిన వరం ఏముంటుంది?

అన్నిటికంటే నాకు ముచ్చటేసేది 'యాడ్ టు డిక్షనరీ'. ఎర్ర గీత విసిగించినప్పుడు రైట్ క్లిక్ కొట్టి దీన్ని నొక్కితే గీత మాయం. మాట దిద్దుకోలేదు, నిఘంటువునే దిద్దాం! పది మంది అప్లికేషన్లు నింపే నెట్ సెంటర్ కంప్యూటర్‌లో ఇలా ఒక్కొక్కరూ తలా ఒక తప్పును దానం చేసి పోతారు. తరవాత వచ్చేవాడు 'రిసీవ్'లో 'ఇ', 'ఐ'లు తారుమారు చేసినా చల్లగా పోతుంది, ముందువాడు దానికి పౌరసత్వం ఇప్పించి వెళ్లాడు కనక. ఆఫీస్ ప్రోగ్రాముల్లో ఈ దానాలన్నీ కస్టమ్ డాట్ డిక్ అనే మామూలు టెక్స్ట్ ఫైలులో పడతాయి. నోట్‌ప్యాడ్‌తో తెరవొచ్చు, చెత్త ఏరి పారెయ్యొచ్చు. తెరిచినవాడికి వినోదం గ్యారంటీ.

మరి రిపేరు శాస్త్రం? మన పేటలో అది ఒక్క వాక్యంలో సమాప్తం.

"అన్నా, ఈ ఎర్ర గీతలు పోతలేవే?"

"స్పెల్‌చెక్ బంద్ చెయ్ తమ్మీ, అవే పోతయ్."

ఏ భాషకు పెట్టి ఉందో చూసే తీరిక ఎవరికీ లేదు. అమెరికా ఇంగ్లిష్ పెట్టుకుని 'కలర్'లో 'యు' రాసి, 'సెంటర్' చివర 'ఆర్ ఇ' రాసి, గీత పడగానే హడలిపోయి, చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్నది తప్పేమోనని దిద్దుకునే పిల్లలున్నారు. భాషల జాబితాలో ఇండియా ఇంగ్లిష్, బ్రిటన్ ఇంగ్లిష్ రెండూ ఉంటాయి. మార్చుకుంటే పోయే గీతకు బడినే అనుమానించాం.

గీత చూపించే సూచనను కళ్లు మూసుకుని ఒప్పుకుంటే ఏమవుతుందో లోకం ఇదివరకే చూసింది. సహకారం అనే అర్థంలో 'కోఆపరేషన్' మాట మధ్యలో అడ్డగీత లేకుండా రాస్తే కొన్ని పాత ప్రోగ్రాముల పట్టీలో లేదు. దగ్గరగా ఉందని 'క్యూపర్టినో'ను చూపించాయి. అది ఆపిల్ కంపెనీ ఉన్న కాలిఫోర్నియా ఊరు, మనవాళ్లకు బాగా తెలిసిన చోటే. చూడకుండా ఓకే కొట్టిన మహానుభావుల దయవల్ల యూరోపియన్ యూనియన్, ఐక్యరాజ్యసమితి, నాటో పత్రాల్లో దేశాల మధ్య క్యూపర్టినో వెల్లివిరిసింది. ఆ జబ్బుకు 'క్యూపర్టినో ఎఫెక్ట్' అనే పేరు కూడా స్థిరపడింది.

మన పేర్ల గతి చెప్పనక్కర్లేదు. తాత పేరు, ఇంటి పేరు, ఊరి పేరు, అన్నిటి కిందా ఎర్ర గీతలే. బ్రిటన్‌లో 2024లో 'ఐ యామ్ నాట్ ఎ టైపో' అంటూ కొందరు ఉద్యమమే నడిపారు, మా పేర్లు తప్పులు కావు, మీ పట్టీ సరిచేసుకోండని కంపెనీలను అడిగారు. మనం? పట్టీని ఏమీ అనలేక, పిల్లవాడికి గీత పడని పేరు వెతికే స్థితికి వస్తున్నాం.

అసలు గొడవ తెలుగుది. ఇంగ్లిష్ పట్టీ పెట్టుకున్న మెయిల్‌లో తెలుగులో నాలుగు వాక్యాలు కొడితే కొన్ని ప్రోగ్రాముల్లో నాలుగూ ఎర్రబడతాయి. ఇక్కడ మన పండితుల తీర్పు చూడాలి: "తెలుగు కంప్యూటర్‌కు పనికిరాదండీ." అక్కడినుంచి 'బాగున్నారా' అన్న పలకరింపును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి పంపిస్తారు. దాని కింద కూడా గీతే పడుతుంది, అయినా ఆ గీత వీళ్లను బాధించదు! ఇంకొందరు డీటీపీలో అను ఫాంట్లతో కొట్టించిన తెలుగును మెయిల్‌లో అతికిస్తారు. యూనికోడ్‌కు ముందటి ఆ పద్ధతిలో పైకి కనిపించేది తెలుగు, లోపలున్నది ఇంగ్లిష్ గుర్తులు. అవతలివాడికి చేరేది పిచ్చి గీతల మూట. తెలుగుకు యూనికోడ్‌లో చోటు దక్కింది 1991లో.

ఇంగ్లిష్‌లో ఒక అక్షరం పొల్లుపోతే సిగ్గుతో చచ్చిపోయే పెద్దమనిషి, సభ ఆహ్వానం మీద 'ముఖ్య అతిధి' అని అచ్చయితే అదే కార్డు పట్టుకుని గర్వంగా వేదిక ఎక్కుతాడు. 'అధ్యక్షత' వత్తు పోగొట్టుకున్నా, 'ఆహ్వానం'లో 'హ' వెనక్కి వెళ్లి 'వ' కింద వేలాడినా సభ సభలాగే నడుస్తుంది. అక్కడ గీత గీసేవాళ్లు లేరు, కాబట్టి తప్పు లేదు. చూశారా, మన భక్తి భాష మీద కాదు, గీత మీద.

తెలుగుకు స్పెల్‌చెక్ లేదన్న మాట అబద్ధం. మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌కు తెలుగు భాషా ప్యాక్ ఉంది. లిబ్రే ఆఫీసు పదకోశాల్లో తెలుగుదీ ఉంది. అవి వేసుకున్నా 'వస్తానన్నాడనుకున్నాను' అంటే గీత పడవచ్చు, అదీ నిజమే. నాలుగు మాటలను ఒక్క ఊపిరిలో కలిపేసే భాషకు విడి మాటల పట్టీ చాలదు. అయితే ఈ కష్టం మనకొక్కరికే వచ్చిందా? ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్, లిబ్రే ఆఫీసు, క్రోమ్‌లలో స్పెల్‌చెక్ పని చేసే హన్‌స్పెల్‌ను తయారుచేసింది లాస్లో నేమెత్ అనే హంగరీ దేశస్థుడు. ప్రత్యయం మీద ప్రత్యయం చేర్చే వాళ్ల భాషకు ఇంగ్లిష్ పద్ధతి చాలకనే చేశాడు. అందులో ప్రతి భాషకూ రెండు ఫైళ్లు: ఒకటి మాటలది, రెండోది ఆ మాటలకు ఏ ప్రత్యయం ఎలా అతుకుతుందో చెప్పే సూత్రాలది. హంగరీ జనాభా కోటి లోపు. 2011 లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు. వాళ్ల సరంజామా ఇవాళ ప్రపంచమంతా వాడుతోంది, మనవాళ్లు మాత్రం బంద్ చెయ్ తమ్మీ అంటున్నారు.

1885లో కరెంటు లేని రోజుల్లో బహుజనపల్లి సీతారామాచార్యులు శబ్దరత్నాకరం అనే తెలుగు నిఘంటువును తెచ్చారు. ఇప్పుడు కావలసింది అంతటి తపస్సు కూడా కాదు. హన్‌స్పెల్ రెండో ఫైలులో రాయాల్సినవి విభక్తులూ సంధి సూత్రాలూ క్రియారూపాలూ. అవి తెలుగు ఎమ్మేల నోట్సులో మూలుగుతున్నాయి. వాటిని కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాయగల పిల్లలకూ కొదవ లేదు. విద్యానగర్ పక్కనే ఉన్న ఉస్మానియాలో తెలుగు శాఖ, ఇంజినీరింగ్ కాలేజీ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. అయ్యా, అమ్మా, ఒకసారి కలిసి టీ తాగండి.