పామును చూసి కొనకండి

యాప్రాల్, సైనిక్‌పురి వైపు బాల్ పైథాన్లు పెంచే కుర్రాళ్ల దగ్గరికి వెళ్తే ముందుగా వినిపించేది ఈ మాటే: "అన్నా, పొట్ట తిప్పి చూడు, పక్కా పైడ్ హెట్." పైడ్ అంటే ఒంటిమీద పెద్ద పెద్ద తెల్ల మచ్చలుండే రకం. నా సలహా దీనికి పూర్తిగా ఎదురు. తిప్పొద్దు. పాము ఒంటిమీద గుర్తుల కోసం వెతికే సమయాన్ని దాని తల్లిదండ్రుల సంగతి అడగడానికి వాడండి.

హెట్ అంటే, రెండు ప్రతులుంటేనే బయటపడే అంతర్గత జన్యువు ఒక్క ప్రతిని మోస్తున్న పాము. లవ్‌బర్డ్స్ పెంచేవాళ్లు స్ప్లిట్ అనేది దీన్నే. అల్బినో సంగతే చూడండి. నలుపు రంగు తయారవ్వాలంటే టైరోసినేజ్ అనే ఎంజైమ్ ఉండాలి. దాని జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పాడైనా, రెండోది పని నడిపించేస్తుంది. రంగు తగ్గదు, కళ్లు ఎర్రబడవు. "పసుపు కాస్త నిగనిగలాడుతోంది, కచ్చితంగా అల్బినో హెట్" అనే మాటకు ఆధారం లేదు. ఆ నిగనిగ ఏ మామూలు పాముకైనా ఉండొచ్చు.

పైడ్ విషయంలో మాత్రం కొంత నిజముంది, దాచను. పామును ట్యూబ్‌లైటు కింద వెల్లకిలా పట్టుకుంటే, తోక మొదలయ్యే చోటికి కాస్త ముందు, తెల్లటి పొట్టకు రెండంచులా రైలు పట్టాల్లా నల్ల గీతలు కనిపిస్తాయి. పైడ్ హెట్లలో ఇవి తరచుగా ఉంటాయి. చిక్కేమిటంటే, ఆ జన్యువు లేని పాముల్లోనూ ఉంటాయి. 1997లో అమెరికాలో పీటర్ కాల్ పైడ్ అంతర్గత లక్షణమని రుజువు చేసింది గీతలు చూసి కాదు, పిల్లల్ని తీయించి.

శాతాల సలహాలు ఇంకా ప్రమాదం. హెట్‌కు హెట్‌ను కడితే "నాలుగు గుడ్లకు ఒక అల్బినో ఖాయం" అంటారు. ఖాయం కాదు. ప్రతి గుడ్డుకూ విడిగా నాలుగో వంతు అవకాశం. నాలుగింట్లో ఒక్కటీ అల్బినో కాకపోయే అవకాశం దాదాపు 32 శాతం. అదే జతకు పుట్టిన మామూలు రంగు పిల్లల్ని "66 పర్సెంట్ హెట్" అని అమ్ముతారు. మూడింట రెండు వంతుల అవకాశం అని దానర్థం. జన్యువు ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే అసలు ఉండదు. తల్లిదండ్రుల్లో ఒకటి అల్బినో అయితే మాత్రం మామూలు రంగు పిల్లలన్నీ హెట్లే. అక్కడ గుర్తులతో పనే లేదు.

ఒక పాము అల్బినో హెట్ అవునో కాదో తేలాలంటే దాన్ని అల్బినోతో జత కట్టించండి. ఒక్క అల్బినో పిల్ల వచ్చినా రుజువైనట్టే. నిజంగా హెట్ అయ్యుండి ఆరు గుడ్లకు ఆరూ మామూలువే రావడానికి అవకాశం 64లో 1. కుబుసం ముక్కతో జన్యు పరీక్ష చేసే ల్యాబులు అమెరికాలో ఉన్నాయి, కానీ ఇక్కడి నుంచి కుబుసం పంపాలన్నా వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందమైన సైటిస్ కింద అనుమతి కావాలి.

"కొడుకును తల్లికే కట్టించు, జన్యువు తొందరగా బయటపడుతుంది" అనేది నాకు అన్నిటికంటే కోపం తెప్పించే సలహా. బయటపడుతుంది, నిజమే; దానితోపాటు దాగున్న లోపాలూ బయటపడతాయి. మేనరికాలతో మన ఇళ్లల్లో తలసీమియా ఎలా బయటపడుతుందో ఇదీ అంతే. ఆ జన్యువు ఒక్క ప్రతిని మోసే క్యారియర్లను ముఖం చూసి ఎవరూ చెప్పలేరు. 1998లో హైదరాబాద్‌లో మొదలైన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ వాళ్లను రక్తపరీక్షతోనే గుర్తిస్తుంది.

ఇదంతా పెంపుడు పాముల సంగతి. శామీర్‌పేట పొదల్లో వింత రంగు కొండచిలువ కనబడితే జన్యువుల లెక్క వేయొద్దు. మన కొండచిలువ వన్యప్రాణి రక్షణ చట్టం ఒకటో షెడ్యూల్లో ఉంది, ఇంట్లో పెట్టుకోవడం నేరం. అటవీశాఖకో, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకో ఫోన్ చేయండి. బాల్ పైథాన్ విదేశీదైనా, అదే చట్టానికి చేసిన 2022 సవరణ, 2024 నిబంధనల ప్రకారం ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. పుట్టిన పిల్లల వివరాలూ ఇవ్వాలి.

కాబట్టి కొనబోయే ముందు పరివేష్ కాగితం, తల్లిదండ్రుల ఫొటోలు, వాటికి పుట్టిన పిల్లల రికార్డు అడగండి. ఫొటోలు, రికార్డు లేకపోతే మామూలు పాము ధరే ఇవ్వండి. కాగితం లేకపోతే బేరమే వద్దు.