ఐదు పెట్టెల తేటగీతికి టీకా తాత్పర్యం

తే. రైలు దిగినారు తెలవారి; రాత్రిదాక
గగనయానమ్ము లేదాయె, గాని పెట్టె
లైదు, చేతులు నాలుగే, లాగుటెట్లు?
ఊరు పెద్దది, కన్నేమొ ఊరుకొనదు.

అవతారిక. రాజమండ్రిలో రాత్రి రైలెక్కి, పొద్దున్నే నాంపల్లిలో దిగి, ఆ రాత్రి రెండు గంటలకు శంషాబాదులో విమానం ఎక్కవలసిన దంపతుల పగటి అవస్థను కవి ఈ పద్యంలో వర్ణిస్తున్నాడు. కవి ఎవరన్నది తేలలేదు. పిల్లల దగ్గరికి అమెరికా బయల్దేరిన ఏ తండ్రైనా కావచ్చు. రైలు పేరు కూడా పద్యంలో లేదు. గోదావరి ఎక్స్‌ప్రెస్ అని వ్యాఖ్యాతలందరి మాట. 1974లో పట్టాలెక్కిన ఆ బండి తప్ప గోదావరి వాళ్లకు హైదరాబాదు పోయే రైలంటే ఇంకోటి తోచదు, ఎన్ని కొత్త బళ్లు వచ్చినా సరే.

ప్రతిపదార్థం. తెలవారి = తెల్లవారగానే, అనగా ఆటోవాళ్లు తప్ప ఇంకెవరూ లేవని వేళ; రైలు దిగినారు = రైలు నుండి దిగిరి; రాత్రిదాక = అర్ధరాత్రి దాటి రెండు గంటల వరకు; గగనయానమ్ము = ఆకాశ ప్రయాణము; లేదాయె = లేకపోయెను; గాని = అయినప్పటికీ; పెట్టెలు + ఐదు = సామాను ఐదు శాల్తీలు; చేతులు నాలుగే = ఇద్దరివీ కలిపి; లాగుట + ఎట్లు = ఈడ్చుకుపోవుట ఏ విధముగా; ఊరు = హైదరాబాదు; పెద్దది = మిక్కిలి విశాలమైనది; కన్నేమొ = కన్ను మాత్రము; ఊరుకొనదు = ఒకచోట నిలువదు.

తాత్పర్యం. పొద్దున్నే దిగాం, విమానం రాత్రికి గాని లేదు, సామాను కదలనివ్వదు, ఊరు చూడాలనుంది.

విశేషాలు. "రాత్రిదాక" దగ్గర పాఠకుడు కాస్త నిదానించాలి. ఇక్కడ నిదానించక విమానం పోగొట్టుకున్నవాళ్లున్నారు. టికెట్టు మీద పదిహేనో తేదీ, రెండు గంటలు అని ఉంటుంది. పంచాంగం లెక్కలో వారం సూర్యోదయంతో మొదలై మళ్లీ సూర్యోదయం దాకా నడుస్తుంది కాబట్టి, ఆ రెండు గంటల వేళ మన దృష్టిలో పద్నాలుగో తేదీ రాత్రే. విమానాలవాళ్లకు సూర్యుడితో పని లేదు, పన్నెండు కొట్టగానే తేదీ మార్చేస్తారు. పదిహేనో తేదీ సాయంత్రం దేవుడికి దీపం పెట్టి, తీరిగ్గా భోంచేసి బయల్దేరినవాడు విమానాశ్రయానికి చేరేసరికి, అతని సీటు అట్లాంటిక్ దాటిపోయి ఉంటుంది. కవి గడుసువాడు. తేదీ జోలికి పోకుండా "రాత్రి" అని ఊరుకున్నాడు.

ఇంత అపరాత్రి విమానమెందుకని పూర్వపక్షం. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో రాత్రి పదకొండు నుంచి పొద్దున ఐదింటి దాకా రాకపోకలకు నిషేధం ఉంది, చుట్టుపక్కల ఊళ్లవాళ్ల నిద్ర చెడకూడదని. ఇక్కడ రెండింటికి లేచిన విమానం సరిగ్గా వాళ్లు కాఫీలు పెట్టుకునే వేళకు అక్కడ దిగుతుంది. ఆ తరువాత అమెరికా విమానాలు అందుకోవచ్చు. దుబాయ్, దోహాల మీదుగా పోయేవాళ్ల కథా ఇంచుమించు ఇదే, పొద్దుటి విమానాల గుంపును అందుకోవాలి. జర్మనీ వాళ్లు నిద్రపోవడానికి రాజమండ్రి వాళ్లు మేలుకోవాలన్నమాట. దీన్ని ఏ అలంకారంలో చేర్చాలో లాక్షణికులు తేల్చలేదు.

పోనీ, 2023 జనవరిలో వచ్చిన వందేభారత్ ఉంది కదా, మధ్యాహ్నానికి సికింద్రాబాదులో దింపుతుంది, పొద్దున్నే రావడం దేనికని రెండో పూర్వపక్షం. ఇది ఐదు పెట్టెలు ఎన్నడూ రైలెక్కించని వాడి ప్రశ్న. పైగా అమెరికా టికెట్టు జేబులో ఉన్నవాడు రైలుకు ఆలస్యమయ్యే హక్కుందని ఒప్పుకుని తీరాలి. రైలు ఆలస్యమైతే గుండె ఆగుతుంది, కాకపోతే పగలంతా ఖాళీ. పెద్దవాళ్లు రెండోదే కోరుకుంటారు. కోరుకున్నాక విసుక్కుంటారు.

"పెట్టెలైదు". "పెట్టె లేడు" అని, అనగా ఏడు పెట్టెలని, ఒక పాఠాంతరం ఉంది. అది గ్రాహ్యం కాదు. లేకారానికి లాకారంతో యతి కుదరదు, విమానం కంపెనీ కూడా ఒప్పుకోదు. అమెరికా వైపు పోయే చాలా విమానాల్లో మనిషికి ఇరవైమూడు కిలోల చొప్పున రెండు పెట్టెలు. ఇద్దరికి నాలుగు, వెరసి తొంభైరెండు కిలోలు. చేతులూ నాలుగే. లెక్క సరిగ్గా సరిపోయింది. పద్యమంతటికీ మూలం ఆ ఐదో పెట్టె.

దాన్ని కవి "పెట్టె" అన్నాడు గాని అది అట్టపెట్టె. నైలాను తాడుతో అడ్డంగా రెండు చుట్లు, నిలువుగా రెండు. లోపల తాపేశ్వరం మడత కాజాలు, ఆత్రేయపురం పూతరేకులు, వాటి మధ్య చీర మడతల్లో స్టీలు డబ్బా, డబ్బాలో ఆవకాయ. ఇంత సామాను వివరం పద్యంలో ఎక్కడుందని అడిగేవాళ్లు కూతురు పురిటికి అమెరికా వెళ్లే తల్లిని ఎరగరు.

ఇక్కడొక శాస్త్రవిషయం. రైల్వే క్లోక్‌రూంలో సామాను పెట్టాలంటే రైలు టికెట్టు చూపించాలి, ప్రతి శాల్తీకీ తాళం ఉండాలి. నాలుగు సూట్‌కేసులకూ తాళాలున్నాయి. ఐదో దాని దగ్గర సంవాదం:

"తాళమేదండీ దీనికి?"

"ఆయ్, తాడు గట్టిగానే కట్టామండి."

"తాడు కట్టారండీ, తాళమేదీ అని."

తాడుకు తాళం వేయడం ఎవరికీ తెలియదు కాబట్టి, నాలుగు పెట్టెలు నాంపల్లిలో విశ్రమించాయి, ఐదోది దంపతులతో కలిసి హైదరాబాదు చూడ్డానికి బయల్దేరింది. మరి నాలుగు పెట్టెల బరువు తప్పాక "లాగుటెట్లు" అన్న దుఃఖం దేనికంటే, అట్టపెట్టెకు చక్రాలుండవు. దాన్ని లాగలేం, మొయ్యాలి. కవి ప్రశ్నకు జవాబు లాగడంలో లేదు.

పద్యంలో చుట్టాల ప్రసక్తి లేదు. హైదరాబాదులో చుట్టాలు లేని తెలుగు కుటుంబం ఉంటుందా? ఉండదు. చెప్పకపోవడమే ఇక్కడ ధ్వని. కూకట్‌పల్లిలో మేనకోడలు, మియాపూరులో ఆయన తమ్ముడి కొడుకు, ఎల్బీనగర్లో ఆవిడ పిన్ని. మొదటి ఇద్దరూ ఒక దిక్కు, పిన్ని ఇంకో దిక్కు, శంషాబాదు మూడో దిక్కు. ఒకరింటికి వెళ్తే మిగతా ఇద్దరికీ కోపం. ఆ ఒక్కరు సెలవు పెట్టి, పీతల కూర వండి, "అమెరికాలో ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి" అని ఇంకో పార్సిలు కట్టిస్తారు, అనగా ఆరో పెట్టె. అందుకని ఎవరికీ చెప్పకూడదని రైల్లోనే అనుకున్నారు. పదిన్నరకు మియాపూరు నుంచి ఫోను: "పెద్దమ్మా, మా ఊరొచ్చి మా గుమ్మం తొక్కకుండా పోతారా?" ఎలా తెలిసిందంటే, అమెరికాలో ఉన్న అమ్మాయి నాన్నగారు పంపిన స్టేషను ఫోటోను ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. ధ్వని వాచ్యమైపోవడాన్ని లాక్షణికులు దోషంగానే చెప్పారు.

"ఊరు పెద్దది". వ్యాఖ్యాతల్లో పెద్ద మల్లినాథ సూరి. ఆయనది మెదకు దగ్గరి కొలచలమ, ఇప్పటి కొల్చారం, హైదరాబాదుకు ఆట్టే దూరం కాదు. కాళిదాసు మేఘదూతానికి ఆయన సంజీవని రాశాడు. ఆ కావ్యంలో యక్షుడు మేఘుడికి దారి చెబుతూ, కాస్త చుట్టు అయినా సరే ఉజ్జయిని చూసిపొమ్మంటాడు, మహాకాళుడి గుడిలో సాయంత్రం దాకా ఆగమంటాడు, పావురాలు నిద్రపోయే ఏదో ఒక మేడ మీద రాత్రి గడపమంటాడు. పెద్ద ఊళ్లో మధ్యదారి మజిలీకి మన సాహిత్యంలో ఇంతకన్నా గొప్ప ప్రమాణం లేదు. కాని ప్రమాణాన్ని గుడ్డిగా వాడరాదు. మేఘుడికి చుట్టాలు లేరు, సామాను అంతకన్నా లేదు. ఉన్న నీళ్లు కూడా దారిలో కురిసి బరువు తగ్గించుకునే సౌకర్యం ఉంది.

మనుషుల సంగతి వేరు. గోలకొండ, చార్మినారు, చౌమహల్లా, ట్యాంక్‌బండ్ పక్కన చెరువులో బుద్ధుడు, వీలైతే ఫిల్మ్‌సిటీ అని ఒక పగటికి చీటీ రాసుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. అట్టపెట్టెతో గోలకొండ ఎక్కినవాడు బారాదరి నుంచి ఊరి వైపు చూడడు, దిగాల్సిన మెట్ల వైపు చూస్తాడు. బిర్లా మందిరం నాంపల్లికి దగ్గరే, అయితే సెల్‌ఫోన్లు కూడా బయట ఇచ్చి వెళ్లాలి. చార్మినారు 1591 నుంచి అక్కడే ఉంది, ఇంకోసారి వచ్చినప్పటికీ ఉంటుంది. ఒక్కచోటికి పోవాలి, అది కూర్చోనిచ్చే చోటై ఉండాలి, పెట్టెను ఎవరైనా పుచ్చుకునే చోటై ఉండాలి. ఈ మూడు లక్షణాలూ కలిసేది సాలార్‌జంగ్ మ్యూజియంలో. శుక్రవారం మాత్రం సెలవు. శుక్రవారం ప్రయాణమైనవాళ్లు ఈ పేరా వదిలేసి ముందుకు పోవచ్చు.

1951లో నెహ్రూ ప్రారంభించి, 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలోకి మారిన ఆ మ్యూజియంలో, సంచులేవీ లోపలికి రానివ్వరు. గుమ్మం దగ్గర కౌంటరులో పెట్టి టోకెను తీసుకోవాలి. ఆ రోజు మొత్తంలో ఐదో పెట్టెకు దొరికిన ఏకైక ఆశ్రయం అది. దంపతుల రెక్కలు తేలికపడ్డాయి. లోపల బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కిన మేలిముసుగు రెబెక్కా ఉంది. మొదటి సాలార్‌జంగ్ 1876లో అక్కణ్ణుంచి కొనుక్కొచ్చాడు. పాలరాతిలోనే ముసుగు, ముసుగు వెనక పాలరాతి ముఖం. చూసినవాళ్లంతా నిట్టూర్చి వెళ్లిపోతారు గాని, మన ఇల్లాలు ఆగి, "ఏవండీ, పూతరేకంత పల్చగా చెక్కాడు" అంది. కళావిమర్శకులు ఆ బొమ్మ గురించి ఇంతకన్నా సరిగ్గా ఏం చెబుతారో నాకు తోచదు. వెంటనే ఆవిడకు పెట్టెలో పూతరేకులు నలుగుతున్నాయేమోనని బెంగ పట్టుకుంది, అది వేరే విషయం.

అక్కడి సంగీత గడియారం మరీ ప్రసిద్ధం. కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీది. గంట కావస్తుండగా చిన్న తలుపు తెరుచుకుని ఒక గడ్డపాయన బయటికొస్తాడు, ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి లోపలికి పోతాడు. పన్నెండు దెబ్బలు చూడ్డానికి జనం ముందే వచ్చి కూర్చుంటారు. మన దంపతులూ కూర్చున్నారు. పన్నెండు కొట్టింది, జనం లేచిపోయారు. విమానానికి ఇంకా పద్నాలుగు గంటలుంది కాబట్టి వీళ్లు ఒంటిగంట దాకా కూర్చుని ఒక్క దెబ్బ కూడా చూశారు. ఒంటిగంట దెబ్బకు అంత శ్రద్ధగల ప్రేక్షకులు ఎప్పుడూ దొరకరు.

"కన్నేమొ". మనుషులిద్దరు, కళ్లు నాలుగు. చేతులను నాలుగని లెక్కపెట్టిన కవి కన్నును ఏకవచనంలో వేశాడేం? కన్నులేమొ అంటే గణం చెడుతుందని ఛాందసులు అంటారు. కాదు. మ్యూజియం నుంచి బయటికొచ్చి టోకెను ఇచ్చి పెట్టె తీసుకున్న క్షణం నుంచీ ఇద్దరిలో ఒకరు దానికి కాపలా. చార్మినారు దగ్గర ఇరానీ హోటల్లో ఆయన బల్ల కింద పెట్టెను కాలితో తొక్కిపట్టుకుని టీ తాగాడు, ఆవిడ వెళ్లి లాడ్‌బజారులో మనవరాలికి గాజులు చూసింది. ఆవిడ వచ్చాక ఆవిడ కాలు పెట్టింది, ఆయన వెళ్లి చార్మినారు చుట్టూ తిరిగొచ్చాడు. కాపలా వంతు లేనివాళ్లు మాత్రం నిబ్బరంగా చూశారా? వాళ్లకూ ఒక కన్ను వెనక్కే. కనుక ఊరికి మిగిలింది ఎప్పుడు చూసినా ఒక్కటే. ఏకవచనం సాధువు.

నాలుగో పాదంలోనూ దాని మొదట్లోనూ అచ్చు పక్కన అచ్చు సంధి లేకుండా పడి ఉంది. విసంధి దోషమని ఆక్షేపణ. పొద్దుటి రైలుకూ రాత్రి విమానానికీ మధ్య ఇరవై గంటలు ఏ సంధీ లేకుండా పడి ఉన్నప్పుడు కవి మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తాడు?

సాయంకాలం గురించి వ్యాఖ్యానించడానికి పెద్దగా లేదు. నాంపల్లి తిరిగొచ్చి నాలుగింటినీ విడిపించారు. 2008 మార్చి దాకా అయితే బేగంపేట విమానాశ్రయం ఊళ్లోనే ఉండేది. శంషాబాదు వచ్చాక ఊరికి ఇంకో ఊరంత దూరం తోడైంది. మెట్రో అక్కడికి పోదు. ఆర్టీసీ పుష్పక్ బస్సు ఉంది గాని, ఐదు శాల్తీలు చూసి కారే మేలనుకున్నారు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద పోతుంటే కింద ఊరంతా దీపాలు. ఆ రోజంతట్లో పెట్టె డిక్కీలో ఉండి నాలుగు కళ్లూ ఊరివైపు తిరిగే వీలున్నది ఆ కాసేపే. అప్పటికి ఇద్దరికీ కునుకు పట్టేసింది.

ఎనిమిదింటికే చేరారు. టికెట్టూ పాస్‌పోర్టూ చూపిస్తే లోపలికి రానిస్తారు గాని, కౌంటరు తెరిచేది విమానానికి మూడు గంటల ముందు. కూర్చున్నారు. పదకొండింటికి నాలుగు పెట్టెలూ బెల్టు మీద పోయాయి. ఐదోది చేతిసామాను కింద ఏడు కిలోలకు అర కిలో తక్కువ తూగింది, ఎవరూ ఏమీ అనలేదు. సెక్యూరిటీలో ఎక్స్‌రే యంత్రం దాన్ని మింగి, కాస్త ఆగి, మళ్లీ వెనక్కి నడిపించుకుని చూసింది. తెర ముందున్న అమ్మాయి చెయ్యెత్తింది. తాడు విప్పారు. కాజాలు, పూతరేకులు, చీర, చీరలో స్టీలు డబ్బా. "ఇదేంటమ్మా? మూత తియ్యండి" అన్నాడు జవాను. ఆవిడ ఆయన వైపు చూసింది. ఆయన

(ఇచట గ్రంథపాతము.)