చిరునామా మార్పు

మాస్టారు తల్లాడకు కాపురం మార్చింది గోదావరి తరిమితేనే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు లేచినప్పుడు, కుక్కునూరు మండలంలో ఏటి ఒడ్డున ఉన్న ఆయన ఇల్లు కప్పుదాకా మునిగింది. నీళ్ళు తీశాక బురద ఎత్తిపోయించి, తాళం వేసి, భార్యనూ రెండు ట్రంకు పెట్టెలనూ ఆల్టో కారులో ఎక్కించుకుని, అశ్వారావుపేట, సత్తుపల్లి మీదుగా తల్లాడలో ఉన్న కూతురింటికి వచ్చేశారు. నాలుగు రోజులుండి పోదామనే వచ్చారు. భార్య మోకాళ్ళు, ఖమ్మం ఆస్పత్రి, మనవరాలి చదువు అన్నీ కలిసి కదలనివ్వలేదు. అయినా వెనక్కి పోయి చేసేదీ లేదు. ఆ ఇల్లు ఎటూ పోలవరం ప్రాజెక్టు ముంపులోదే. పునరావాస ప్యాకేజీ ఇవాళ, రేపు అంటూ ఏళ్ళు గడిచిపోయాయి.

ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. రూలంటే ప్రాణం. మా వీధిలో చెత్తబండికి తడి చెత్త, పొడి చెత్త విడదీసి ఇచ్చే ఇల్లు ఆయనదొక్కటే.

కారు 2011లో కొన్నది, నంబరు ఏపీ 20. అప్పటి ఖమ్మం జిల్లా నంబరది. తల్లాడ ఆ జిల్లాలోనే ఉండేది, కుక్కునూరూ ఆ జిల్లాలోనే ఉండేది. 2014లో రాష్ట్రం విడిపోతూ ముంపు మండలాలను ఆంధ్రలో కలిపారు. మే చివర్లో ఆర్డినెన్సు, జూలైలో పార్లమెంటులో చట్టం. కుక్కునూరు, వేలేరుపాడు పశ్చిమ గోదావరికి పోయాయి. 2022 ఏప్రిల్లో జిల్లాలను చీల్చినప్పుడు ఏలూరు జిల్లా అయ్యాయి. అంటే మాస్టారు వరండాలో పడక్కుర్చీ దిగకుండానే మూడు జిల్లాలు తిరిగారన్నమాట. ఖమ్మంలో కొత్త బళ్ళకు టీఎస్ 04 వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ 04 వస్తోంది. మాస్టారి ఆల్టో మాత్రం ఏపీ 20గానే ఉండిపోయింది.

ఓ రోజు తల్లాడ సెంటర్లో కాగితాలు చూస్తున్న కుర్ర కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆంధ్రా బండా సార్?"

"ఖమ్మం బండే బాబూ. ఏపీ ఇరవై అంటే ఖమ్మం."

"ఆర్సీలో కుక్కునూరని ఉందిగా. కుక్కునూరు ఆంధ్ర కాదా?"

"ఇప్పుడు ఆంధ్రే."

"ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి తిప్పుతున్నారు?"

ఇంకెవరైనా అయితే 'నిన్ననే చుట్టపుచూపుగా వచ్చాం' అనేవారు. మాస్టారు నిజం చెప్పారు.

"ఏడాది దాటింది."

కుర్రాడికి చట్టం బాగానే తెలుసు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. పనిలో పనిగా లైసెన్సూ అడిగాడు. దానికి గడువు తీరి ఏడాది పైనే అయింది. పెద్దవారని చలానా రాయలేదు. "అన్నీ ఇక్కడివి చేయించుకోండి సార్" అని వదిలేశాడు. ఆ రోజు చలానా రాసి ఊరుకున్నా బాగుండేది.

నిజానికి ఏపీ 20 బళ్ళు ఖమ్మం జిల్లాలో ఇప్పటికీ కొల్లలు. సెంటర్లో నిలబడి ఓ టీ తాగేలోపు అరడజను పోతాయి, వాటినెవరూ ఆపరు. మాస్టారికి తంటా తెచ్చింది నంబరు కాదు, ఆర్సీలో రాసి ఉన్న ఊరు.

"మామయ్యా, మీరు వాయిదా వెయ్యకండి. రేపు ఏదన్నా అయితే ఇన్సూరెన్సు వాళ్ళు ముందు లైసెన్సే అడుగుతారు" అన్నాడు అల్లుడు. ఎరువుల కొట్టు నడిపే మనిషి, లెక్క తప్పడు.

మాస్టారు ఫైలు కట్టుకుని బయల్దేరారు. ఇటు రవాణా ఆఫీసులో, "కుక్కునూరు ఆంధ్ర కదా, అక్కణ్నుంచి ఎన్వోసీ తెండి" అన్నారు. అటు జిల్లా ఆఫీసుకు పోతే, "ఈ బండి మా కంప్యూటర్లోనే లేదు. మాది కాని బండికి మేం ఎన్వోసీ ఎట్లా ఇస్తామండీ?" అన్నారు. ఇద్దరి మాటలోనూ తప్పు పట్టడానికి లేదు, అదే ఇబ్బంది. ఇటువైపు వాళ్ళకు మాస్టారు దరఖాస్తు వెనకవైపు గోదావరి, శబరి, పాత ఖమ్మం జిల్లా గీసి, 2014 గీత ఎక్కడ పడిందో చూపించారు. లైన్లో వెనకున్న వాళ్ళు కూడా మెడలు చాచి పాఠం విన్నారు. చివరకు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఓ గుమాస్తా కళ్ళద్దాలు పైకెత్తాడు.

"మాస్టారూ, ఈ బండి పుట్టిందే ఈ రికార్డులో. మన బండికి మనం ఎన్వోసీ అడగడమేమిటి? నంబరు మార్చే పని లేదు. అడ్రసు తల్లాడ అని మారిస్తే చాలు. ఆధార్ ఎక్కడుంది?"

"కుక్కునూరులోనే."

"అది ముందు మార్పించుకుని రండి. లైసెన్సుకైనా అదే అడుగుతారు."

ఆధార్ పని తేలిగ్గా అయిపోయింది. కూతురు తన కార్డు చూపించి, మా నాన్న మా ఇంట్లోనే ఉంటున్నారని ఒప్పుకుంటే సరిపోయింది. ఆర్సీలో అడ్రసు కూడా మారింది.

మిగిలింది లైసెన్సు. గడువు తీరి ఏడాది దాటితే ఉత్త రెన్యువల్ కుదరదు, మళ్ళీ టెస్టు పెట్టాల్సిందే. నలభై దాటిన వాళ్ళు డాక్టరు సర్టిఫికెట్టు కూడా ఇవ్వాలి. మాస్టారు టెస్టుకు ముందు వారమంతా తెల్లవారుజామున అల్లుడి గోడౌను ఖాళీ జాగాలో ఎరువుల బస్తాలు వరసగా పేర్చుకుని, 'హెచ్' ఆకారంలో కారు వెనక్కీ ముందుకీ నడిపారు. టెస్టు రోజు ట్రాక్ మీద అంతా కాలేజీ కుర్రాళ్ళే. ఆయన ముందున్నవాడు రివర్సులో కర్ర పడగొట్టి ఫెయిలయ్యాడు. మాస్టారు అద్దం సర్దుకున్నారు, బెల్టు పెట్టుకున్నారు, ఇండికేటరు వేశారు. అది చాలదన్నట్టు కిటికీలోంచి చెయ్యి చాచి కుడివైపు తిరుగుతున్నట్టు సైగ కూడా చేశారు. ఇన్‌స్పెక్టరు నవ్వాపుకోలేకపోయాడు.

"చేతి సైగ చూసి ఎన్నేళ్ళయిందో మాస్టారూ!"

"పుస్తకంలో ఇంకా ఉంది బాబూ" అన్నారాయన.

పాసయ్యారు. యాభై అయిదు దాటితే లైసెన్సు అయిదేళ్ళకే ఇస్తారు. కార్డు ఇంటికొచ్చిన రోజు సెంటరుకు వెళ్ళి ఆ కానిస్టేబుల్‌ను వెతికి మరీ చూపించారు. కుర్రాడు సెల్యూట్ కొట్టాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఊరి నుంచి ఫోనొచ్చింది. ప్యాకేజీ కోసం పేర్లు సరిచూస్తున్నారు, కాగితాలతో రమ్మని. ఇంటి గోడలకు కట్టే విలువ వేరు, కుటుంబానికి ఇచ్చే పునరావాసం వేరు. గిరిజనేతర కుటుంబానికి 6.36 లక్షలు. అది రావాలంటే ఊళ్ళో కాపురం ఉన్నవాళ్ళై ఉండాలి. మాస్టారు ఫైలు పట్టుకుని కారులో వెళ్ళారు. ఆయన పాఠాలు చెప్పిన స్కూలు వరండాలోనే బల్ల వేశారు. బల్ల దగ్గర కూర్చున్నది చిన్న వయసు ఉద్యోగి. అంత శుభ్రంగా కట్టిన ఫైలు ఆ రోజు అతను ఇంకోటి చూసి ఉండడు. ఒక్కో కాగితం తిప్పాడు.

"ఆధార్ తల్లాడ. లైసెన్సు తల్లాడ. కారు ఆర్సీ తల్లాడ. మీరు తెలంగాణలో స్థిరపడ్డారు కదండీ?"

"వరదకు పోయాను బాబూ. ఇల్లు ఇక్కడే ఉంది."

"ఇల్లుంది, కాదనను. కాపురం లేదుగా."

మాస్టారు బయట వేపచెట్టు కింద ఆపిన కారు చూపించారు. "ఆ నంబరు చూడు. ఏపీ అని ఉంది కదా!"

ఉద్యోగి తొంగిచూశాడు. "ఏపీ ఇరవై అంటే ఖమ్మం కదా మాస్టారూ. అది తెలంగాణ బండి."

వెనక లైన్లో పక్కింటాయన ఉన్నాడు. అదే వరదకు, అదే వారంలో అశ్వారావుపేట చేరినవాడు. ఆధార్ మార్చుకోలేదు. మోటారుసైకిలుకు పుట్టినప్పటి ఆర్సీయే. లైసెన్సు జన్మలో తీసుకోలేదు. కుక్కునూరు కార్డు చూపించి సంతకం పెట్టి, మాస్టారికి నమస్కారం చేసి వెళ్ళిపోయాడు.

మాస్టారి ఇల్లు ముంపు జాబితాలో ఉంది. నిర్వాసితుల జాబితాలో ఆయన పేరు లేదు.