వేషమైతే దండం, మనిషైతే దండన

హైదరాబాదుకు ఊరేగింపులు కొత్త కాదు. నిమజ్జనం రోజున హుస్సేన్‌సాగర్ చుట్టూ ఊరు ఊరంతా ఆగిపోతుంది, ఆగినందుకు ఎవరూ అలగరు. బోనాలకు పోతురాజు వస్తుంటే పక్కకు జరిగి దారిస్తాం. నాయకుడు గెలిస్తే ర్యాలీ, బెయిలు మీద బయటికొస్తే అంతకంటే పెద్ద ర్యాలీ. అర్ధరాత్రి పెళ్లి బరాత్ డీజే కిటికీ అద్దాలు ఊపేస్తున్నా "పోనీలెండి, ఒక్కరోజేగా" అనుకుని దుప్పటి ముసుగేసుకుంటాం. అంతటి సహనశీలురం. అలాంటి మనకు, నెక్లెస్ రోడ్డు మీద ఓ పూట రంగురంగుల జెండా పట్టుకుని కొన్ని వందల మంది నడిచేసరికి ట్రాఫిక్ గుర్తొస్తుంది, అంబులెన్సు గుర్తొస్తుంది, పిల్లల పరీక్షలు గుర్తొస్తాయి, చివరికి భారతీయ సంస్కృతి కూడా గుర్తొస్తుంది.

స్వలింగ ప్రేమికులు, హిజ్రాలు అందరూ కలిసి క్వీర్ స్వాభిమాన యాత్ర పేరుతో నడిచే ఈ నడక మన ఊళ్లో 2013 ఫిబ్రవరిలో మొదలైంది. దేశంలో మొదటిది 1999లో కోల్‌కతాలో జరిగింది. నడిచింది పదిహేనుమందే. ఆ పదిహేనుమందితోనే సంస్కృతి కూలిపోయి ఉండాలి. పాపం, గట్టిదే అయ్యుంటుంది, ఇంకా నిలబడే ఉంది.

మా కాలనీ పార్కులో ఉదయం నడిచే పెద్దలది మరీ మొరటు మాట కాదు. "వాళ్లేం చేసుకున్నా నాకు అభ్యంతరం లేదండీ. నాలుగ్గోడల మధ్య చేసుకోమనండి. వ్యక్తిగత విషయాలు రోడ్డెక్కించడమెందుకూ?" అంటారు ఒకాయన. ఆయన మాట్లాడుతున్న చోటికి పది గజాల దూరంలో, కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ ఒకటి గాలికి రెపరెపలాడుతోంది. "చి. మా మనవరాలి ఓణీల వేడుకకు విచ్చేయువారికి స్వాగతం సుస్వాగతం." పిల్ల పెద్దమనిషైన సంగతి నిలువెత్తు బొమ్మతో, కింద పదహారుమంది బంధువుల పాస్‌పోర్టు ఫొటోలతో, వార్డు నాయకుడి నమస్కారంతో సహా నాలుగు రోడ్ల కూడలిలో వేలాడదీశారాయన. ఆ పిల్లను అడిగి కట్టారో లేదో తెలీదు. వ్యక్తిగతం అంటే ఏమిటో ఈ జాతికి ఇంకెవరు నేర్పాలి?

ఇక రెండో మాట: ఇదంతా పడమటి గాలి, మన దగ్గర లేదు. సరే. తిరుమల బ్రహ్మోత్సవాల్లో అయిదో రోజు పొద్దున శ్రీనివాసుడు పట్టుచీరా నగలూ పెట్టుకుని మోహినిగా మాడవీధుల్లోకి వస్తాడు. అదే రాత్రి గరుడుడెక్కి స్వామిగా వస్తాడు. రెంటికీ జనం పోటెత్తుతారు. కోనసీమలో ర్యాలి వెళ్లండి. ఒకే శిల. ముందు నుంచి చూస్తే కేశవస్వామి, చుట్టూ తిరిగి వెనక్కు వెళితే జగన్మోహిని. పూజారిగారు దీపం అటు తిప్పి కొప్పు దగ్గర్నుంచి వివరంగా చూపిస్తుంటే కుటుంబ సమేతంగా తల వంచి చూస్తాం, పిల్లల్ని ఎత్తుకుని మరీ చూపిస్తాం. పిల్లలు పాడవుతారన్న దిగులు అక్కడ ఎవరికీ రాదు. తిరుపతి గంగజాతరలో మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, పూలు తురుముకుని మొక్కు తీర్చుకుంటారు. ఆ జాతర వేషమే 2024 డిసెంబరులో 'పుష్ప 2'లో అల్లు అర్జున్ కట్టేసరికి థియేటర్లు ఈలలతో దద్దరిల్లాయి. ఆడవేషం కట్టిన స్థానం నరసింహారావుగారి సత్యభామకు, వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామకు పద్మశ్రీలిచ్చి దండలు వేసుకున్నాం.

ఇదంతా ఏకరువు పెడితే ఆ పెద్దాయన నవ్వారు. "అది వేషమండీ, ఇది వేరు."

ఒప్పుకున్నాను. వేరే. వేషం వేసిన మగాడు ఆట అయ్యాక రంగు కడుక్కుని ఇంటికి పోతాడు, అందుకే చప్పట్లు. ఈ నడకకు వచ్చినవాళ్లలో చాలామంది ఆ ఒక్క పూట మాత్రమే రంగు కడుక్కుంటారు. మిగతా ఏడాదంతా ఆఫీసులో, పెళ్లిచూపుల్లో, అమ్మ ముందు వేసుకు తిరిగేదే అసలు వేషం. డప్పు చప్పుడుకు ఎగిరి గంతేసే కుర్రాడు టీవీ కెమెరా తనవైపు తిరగ్గానే గడ్డం కింది మాస్కును గబుక్కున కళ్లదాకా లాక్కుంటాడు. ఊళ్లో ఎవరైనా చూస్తారేమోనని.

మన చట్టానికీ ఆ పెద్దాయన చూపే ఉండేది. నిజాం ఏలుబడిలో 1919లో ఒక చట్టం చేశారు. హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. ఆడ బట్టల్లో, నగలు పెట్టుకుని వీధిలో కనిపించినా, ఆడిపాడినా వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు. నిజాం పోయాడు, రాజ్యాంగం వచ్చింది, రాష్ట్రాలు కలిశాయి, విడిపోయాయి. చట్టం పేరులో రాష్ట్రం పేరు మారిందే తప్ప లోపలి సరుకు మారలేదు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో. అంటే మొదటి యాత్రలో చీర కట్టి చిందేసిన హిజ్రాలు, కాగితం మీద, ఆ క్షణాన నేరస్థులే. అదే మనిషిని మర్నాడు కొత్త షాపు గుమ్మం ముందు నిలబెట్టి, దిష్టి తీయించుకుని, తాంబూలంలో నోటు పెట్టి పంపిస్తాం. దీవెన కావాలి. పై వాటా అద్దెకు మాత్రం ఇవ్వం.

గచ్చిబౌలి కంపెనీల స్పందన వేరు, అక్కడ అంతా మర్యాదే. ప్రైడ్ నెల అని జూన్ ఒకటో తారీఖున లోగో ఇంద్రధనుస్సు అవుతుంది, క్యాంటీన్‌లో రంగుల కప్‌కేకులు వస్తాయి, లిఫ్టు పక్కన ముగ్గు వేస్తారు. జులై ఒకటికి లోగో మామూలు నీలానికి దిగుతుంది. మన ఊరి యాత్ర మొదలైందేమో ఫిబ్రవరిలో. అప్పటికి లోగో డ్యూటీ దిగి ఏడెనిమిది నెలలు.

నడిచేవాళ్లలో అందరిదీ ఒకే మాట అనుకోకండి. ఇస్త్రీ చొక్కా సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఒకడు "ఈ మెరుపు బట్టలు, ఈ గంతులు ఎందుకండీ, మాకే చెడ్డపేరు" అని గొణుగుతాడు. పక్కనే ఉన్న హిజ్రా అక్క వింటుంది. "చెడ్డపేరు నీకిప్పుడొచ్చింది తమ్ముడూ, నాకు పుట్టగానే ఇచ్చారు. ముందు నాకొక గది అద్దెకు చూడు" అంటుంది. నా ఓటు అక్కకే.

అన్నట్టు, పెళ్లి సంగతి. స్వలింగ వివాహాన్ని గుర్తించమని సుప్రీంకోర్టుకెళ్లిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ మన హైదరాబాదులో కాపురమున్నవాళ్లే. అయిదుగురు న్యాయమూర్తులు 2023 అక్టోబరు 17న ఆ సంగతి పార్లమెంటు చూసుకోవాలన్నారు. పార్లమెంటు చూసుకోలేదు. కేంద్రం మాత్రం 2024లో పెద్ద మనసు చేసుకుంది: ఇలాంటి జంటలు బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరుచుకోవచ్చు, ఒకరికొకరు నామినీగా ఉండొచ్చు, రేషన్ కార్డు విషయంలో ఒకే ఇంటివాళ్లుగా లెక్కేయమని రాష్ట్రాలకు చెప్పింది. కాబట్టి ప్రస్తుతానికి వాళ్లిద్దరూ బియ్యం దగ్గర ఒక కుటుంబం, బ్యాంకు దగ్గర ఒక కుటుంబం. శుభలేఖ దగ్గర మాత్రం ఇద్దరు అపరిచితులు.