మూడో ఎక్కం

చాలా తెలుగు ఇళ్లలో వంటగది క్యాలెండర్ మీద పాల లెక్క పక్కనే ఇంకో గుర్తు ఉంటుంది: ఫలానా రోజు గ్యాస్ బండ మార్చాం. 2012 సెప్టెంబరులో కేంద్రంలోని కాంగ్రెస్ కూటమి ప్రభుత్వం పోయి పోయి ఆ గుర్తు మీదే చెయ్యేసింది. ఇంటికి ఏడాదికి సబ్సిడీ బండలు ఆరే, ఏడోది కావాలంటే మార్కెట్ ధర కట్టాల్సిందే. ఆ ధర రెట్టింపుకు అటూఇటూ. అప్పటి పెట్రోలియం మంత్రి మన జైపాల్ రెడ్డి.

పొదుపు చేయాలని చెప్పని ఆర్థికవేత్త లేడు. కాకపోతే ఆర్థికవేత్తల ఇళ్లలోనూ బండ వంట మధ్యలోనే అయిపోతుంది.

డీజిల్ మీద పెంచిన 5 రూపాయలు, చిల్లర వ్యాపారంలోకి విదేశీ పెట్టుబడులు, ఈ బండ, మూడూ కలిసి ఆ కూటమిలోని మమతా బెనర్జీకి కోపం తెప్పించాయి. 19 మంది ఎంపీలతో ఆవిడ కూటమి నుంచి బయటికి నడిచారు. కోత ప్రకటించి వారం తిరక్కుండానే కాంగ్రెస్ తన ఏలుబడిలోని రాష్ట్రాలకు ఓ కబురు పంపింది: ఇంకో మూడు బండల సబ్సిడీ మీరు భరించండి. కుడిచేత్తో కత్తిరించింది, ఎడమచేత్తో కుట్టింది.

2013 జనవరిలో ఆరు కాస్తా తొమ్మిదయింది. పదిళ్లలో ఇంచుమించు తొమ్మిదిళ్లకు అది చాలని సర్కారు లెక్కలే చెప్పాయి. లెక్కలకు ఓటు హక్కు లేదు. 2014 జనవరి 17న, ఎన్నికలు ముంగిట్లో ఉండగా, ఢిల్లీలో కాంగ్రెస్ ఏఐసీసీ సభ జరిగింది. రాహుల్ గాంధీ ప్రధాని మన్మోహన్ సింగ్‌ను అందరిముందూ అడిగారు, తొమ్మిది చాలవు, పన్నెండు చేయండని. అదే నెల 30న మంత్రివర్గం సరేనంది.

మూడు రెళ్లు ఆరు, మూడు మూళ్లు తొమ్మిది, మూడు నాలుగులు పన్నెండు. పదహారు నెలల్లో ఎక్కం తప్పు పోకుండా అప్పజెప్పినా మార్కులు పడలేదు. ఆ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు దక్కినవి 44 సీట్లు.

తర్వాత వచ్చిన మోదీ ప్రభుత్వం కత్తెర దాచేసి, 2015లో బతిమాలుకుంది: స్తోమత ఉన్నవాళ్లు సబ్సిడీ వదులుకోండయ్యా అని. కోటి మందికి పైగా వదులుకున్నారు కూడా. అసలు కోత పడింది మాత్రం 2020లో. ముడిచమురు ధర కూలిపోయి సబ్సిడీ బండా, మార్కెట్ బండా ఒకే ధరకు వచ్చాయి. సబ్సిడీగా ఖాతాలో వేయాల్సిన తేడా సున్నా అయింది. ఆ తర్వాత బండ ధర మళ్లీ ఎక్కింది. చాలా ఇళ్లకు ఆ సున్నా మాత్రం ఉన్నచోటనే ఉండిపోయింది. 2022లో 200 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది పేదిళ్ల ఉజ్వల కనెక్షన్లకే. ప్రెస్‌మీట్ పెట్టి కోసినది పదహారు నెలలు నిలవలేదు, నోరెత్తకుండా కోసినది నిలిచింది.

ఇప్పుడు రాష్ట్రాలు ఎక్కాన్ని మళ్లీ మొదట్నుంచి అందుకున్నాయి. మూడొకట్ల మూడు: ఆంధ్రప్రదేశ్‌లో 2024 దీపావళి నుంచి తెల్లకార్డు ఇళ్లకు ఏడాదికి 3 బండలు ఉచితం. తెలంగాణలో అర్హులకు బండ 500 రూపాయలే. ఆంధ్రాలో ముందు డబ్బు కట్టి బండ తెచ్చుకుంటే తర్వాత ఖాతాలో వేస్తామన్నారు. క్యాలెండర్ మీద బండ తేదీ పక్కనే ఆ డబ్బు పడిన తేదీ కూడా రాసిపెట్టుకోండి.