మా రోజుల్ల వార్త వార్తలెక్క ఉండె

ఆ ఫోన్ జర పక్కన పెట్టి ఇను బిడ్డా. దిల్‌సుఖ్‌నగర్‌ల మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌ల దిగేలోపట నాలుగు వీడియోలు చూసి నవ్వుకుంటవు. మోకాలి లోతు నీళ్లల్ల ఎవడో పిలగాడు కూసోని, మెడ దాక మునిగినట్టు మైకు పట్టుకొని టీవీ రిపోర్టర్‌ను ఎక్కిరిస్తుంటడు. నాకైతే నవ్వు రాదు. 2020 అక్టోబర్‌ల సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు నిజంగనే మునిగినయ్. అప్పుడు మాకు కావాల్సింది ఏ తొవ్వ తెరిచుంది, కరెంటు ఎప్పుడొస్తది అన్న ముచ్చట. టీవీ పెడితే మాత్రం ఒగటే కేకలు!

మా రోజుల్ల గిట్ల లేకుండె. 1983 నవంబర్ 14 సాయంత్రం ఏడింటికి దూరదర్శన్‌ల శాంతిస్వరూప్ మొదటిసారి తెలుగుల వార్తలు చదివిండు. ఆయన ముంగట టెలీప్రాంప్టర్ గిట్ల ఏం లేదు, కాగితం, కంఠం అంతే. గుండెలదిరే మ్యూజిక్ లేదు, కింద ఉరికే అక్షరాలు లేవు. వాడకట్టుకు ఒకటో రెండో టీవీలు. వార్తలైనంక మేము అరుగుల మీద కూసోని మాట్లాడుకుంటుంటిమి. ధరల సంగతి కావాల్నంటే కొత్తపేట పండ్ల మార్కెట్‌కు పోతే హమాలీనే చెప్తుండె.   

2004ల టీవీ9 వచ్చినంక తెలుగుల ఇరవై నాలుగు గంటల వార్తలు ఊపందుకున్నయ్. గన్ని గంటలు నింపాల్నంటే గన్ని సంగతులు ఏడికెల్లి తేవాలె? ఉన్నదాన్నే సాగదీసుడు, అరుసుడు, నటించుడు. 2018ల సినిమా నటి శ్రీదేవి పోయినప్పుడు ఒక తెలుగు చానల్ రిపోర్టర్ ఆమె ఎట్ల పోయిందో స్నానాల తొట్టిల పండుకొని చూపెట్టిండు. దాన్ని ఎక్కిరించనీకె ఇంకేం మిగిలింది చెప్పు?

ఎక్కిరింపంటే వీ6 చానల్‌ల తీన్మార్ వార్తలు. అండ్ల తీన్మార్ మల్లన్న, సావిత్రి, బిత్తిరి సత్తి. టీవీ వార్తల బిగుసుకపోయిన మాటను, ముఖాన్ని నవ్వులపాలు జేసుకుంటనే ఊరి గోస చెప్పిన్రు. ఒక్కమాట నిజం చెప్తున్న: శాంతిస్వరూప్ గొంతు ఎంత గొప్పదైనా, అప్పటి వార్తలల్ల మా అమ్మ మాట ఏనాడు ఇనపడలె. సినిమాలల్ల మా తెలంగాణ యాస రౌడీకో నవ్వించేటోనికో ఇస్తుండె. దాన్ని వార్తలల్ల పీటేసి కూసోబెట్టింది ఈ ఎక్కిరింపే. తర్వాత ఏమైంది? సత్తి టీవీ9కు పాయె, సాక్షికి పాయె. మల్లన్న 2024ల ఎమ్మెల్సీ అయిండు. చానల్‌కొక యాస వార్త పుట్టింది. ఎక్కిరించేటోడు, ఎక్కిరింపు పడేటోడు ఒకే గూట్ల చేరిన్రు.

అమెరికాల గూడ టీవీ వార్తలను ఎక్కిరించినోళ్లున్నరు. 1975 జులై 4న యాంట్ ఫామ్ అనే కళాకారుల గుంపు శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర మండుతున్న టీవీల గోడను కాడిలాక్ కారుతోని గుద్ది ‘మీడియా బర్న్’ అనే వీడియో తీసింది. చూడనీకొచ్చిన లోకల్ చానళ్లు దాని మీద చెప్పిన వార్తలను గూడ అదే వీడియోల కలిపిన్రు. ఆ చానళ్లోళ్ల మీద ఒక్క మాట అనే పని లేకుండె, వాళ్ల మాటలే వాళ్లను పట్టిచ్చినయ్. కార్లు గుద్దుమంటలేను, ఆ ఓపిక చూడు. మీకేమో వీడియో నిమిషం దాటితే మెడ నొప్పి!

నువ్వు గూడ వీడియో తీసి ఎక్కిరించు బిడ్డా, నేనొద్దనను. నవ్వించినంక మాత్రం కెమెరా జర పక్కకు తిప్పు. నాలా ఏడ మూసుకపోయిందో, ఎవలు కబ్జా పెట్టిన్రో, ఏ ఇంట్ల బియ్యం తడిసినయో చూపెట్టు. గది చెయ్యకుంటే నీ వీడియోకు, ఆ రిపోర్టర్ వార్తకు ఫరక్ ఏముంది?